పదమూడో చానెల్

మా నాన్న రాజగోపాల్ సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి సుబేదారుగా రిటైరయ్యారు. మా ఆయన ఉదయ్‌కిరణ్ నోయిడాలో ఒక కంపెనీ సర్వర్లు చూసుకుంటాడు. నాన్నది రేడియో, ఇతనిది లినక్స్. ఇంతటి మేధావులు ఇద్దరున్న ఇంట్లో ఒక్క లాప్‌టాప్‌కి వైఫై రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అది 2007 ఆగస్టు. ఢిల్లీ పక్కన వైశాలిలో మేం మొదటి అంతస్తు, అమ్మావాళ్లు మా నెత్తిమీద రెండో అంతస్తు. ఫోన్ లైనూ రూటరూ పైన ఉండేవి.

మా పిల్లాడు చైతుకి అప్పుడు ఏడో నెల. గుర్గావ్‌లో మా ఆఫీసుకి పోను రాను నాలుగు గంటలు. వారానికి మూడు రోజులు ఇంటినుంచి పనిచేస్తానని మేనేజరుని అడిగాను. ఇరవయ్యో తారీకు సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి లైన్లో కనిపిస్తే సరే, లేకపోతే ఈ మాట మర్చిపొమ్మన్నాడు. మర్చిపోవడమంటే రాజీనామా ఇవ్వడమే. ఇంట్లో అందరూ, నాన్నతో సహా, "పిల్లాడు పెద్దయ్యాక చూసుకోవచ్చులే" అంటున్నారు. నాకు ఆ ఉద్యోగం కావాలి. వాళ్లలా అంటున్నకొద్దీ ఇంకా కావాలి.

పైకెళ్లి రూటరు పక్కన కూర్చోవచ్చు కదా అంటారు. పగలంతా చైతుని చూసుకునేది పైన అమ్మ. నేను కనిపిస్తే వాడు నా ఒళ్లో తప్ప ఉండడు. పోనీ బాల్కనీలోంచి తీగ లాగుదామంటే మా వీధి కోతులు రెండు రోజులు ఉంచవు. కేబుల్ టీవీ అతన్ని అడిగితే చెప్తాడు.

లాప్‌టాప్ కొన్న రోజే ఉదయ్ అందులో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాడు. నన్నడగలేదు. పుట్టువెంట్రుకలు తీయించినంత శ్రద్ధగా చేశాడు. తీరా చూస్తే వైఫై కార్డు పనిచేయలేదు. దానికి డ్రైవరని ఏదో ఫైలు కావాలి, ఆ ఫైలు ఇంటర్నెట్లో ఉంది, ఇంటర్నెట్ రావాలంటే కార్డు పనిచేయాలి. రోజూ ఆఫీసులో ఒక ఫైలు పెన్‌డ్రైవులో వేసుకొచ్చేవాడు, రోజూ అది వేరే కార్డుదయ్యేది. ఆరో రోజు సరైన ఫైలు దొరికి కార్డు దీపం వెలిగింది.

స్క్రీన్ మీద బిల్డింగులోని నెట్‌వర్కులు వరుసగా కనిపించాయి. శర్మా హోమ్, ఫ్లాట్ 304, డోంట్ టచ్, మొత్తం ఏడు. మాది లేదు. నాన్న మా నెట్‌వర్కుకి అమ్మ పేరు పెట్టారు. ఊరందరూ ఉన్న ఆ జాబితాలో సరోజిని మాత్రం లేదు.

వేరే ఇంట్లోనైతే ఇది పది నిమిషాల్లో తేలేది. మా ఇంట్లో మామగారు అల్లుడికి తప్పు చెప్పరు, అల్లుడు మామగారి వస్తువు ముట్టుకోడు.

"మావయ్యగారి రూటరు అసలు సిగ్నల్ ఇస్తోందా? మాటల్లో అడిగి చూడు. నేనడిగానని చెప్పకు" అన్నాడు ఉదయ్.

పైకెళ్లి అడిగాను.

"పంపడంలో లోపం లేదమ్మా. నేను స్వయంగా సెట్ చేశాను" అన్నారు నాన్న. "వినేవైపు చూసుకోవాలి. ఇలా అన్నానని అల్లుడుగారితో అనకు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఒక మొండివాడని అర్థం. మా ఇంట్లో కుందేళ్లు రెండు. మర్యాదగా పోట్లాడుకునే వాళ్లిద్దరి మధ్య పందొమ్మిది మెట్లెక్కి దిగే పోకచెక్కను నేను. ఏడో రోజూ ఎనిమిదో రోజూ ఉదయ్ ఆ డ్రైవరునే తీసి, మళ్లీ తయారుచేసి, మళ్లీ ఎక్కిస్తూ కూర్చున్నాడు. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం చైతుని ఎత్తుకుని పైకి వెళ్లాను. నాన్న కునుకు తీస్తున్నారు. ఆయన కంప్యూటరు పక్కన రిజిస్టరు ఉంది. రేడియో సెట్టు ముట్టుకుంటే రిజిస్టరులో రాయాలన్నది ఆయన నేర్చిన పద్ధతి. రూటరుకీ అదే మర్యాద జరుగుతోంది. తెరిచి చూశాను.

"4-8-07. ఫ్లాట్ 102, చానెల్ 6. ఫ్లాట్ 204, చానెల్ 11. ఫ్లాట్ 304, చానెల్ 1..." రేడియో స్టేషన్లలాగే ఒక్కో రూటరుదీ ఒక్కో చానెల్. రూటరున్న ప్రతి ఇంటి తలుపూ తట్టి ఎవరిది ఏ చానెలో కనుక్కున్నారు మహానుభావుడు. కింద ఎర్ర సిరాతో, "చానెల్ 13 పూర్తిగా ఖాళీ. 13 మీద పెట్టడమైనది." సంతకం.

ముందురోజు ఉదయ్ స్క్రీన్ మీద చూసిన అంకెలు గుర్తొచ్చాయి. ఈ కార్డు వినగల చానెళ్ల జాబితా అది. ఒకటితో మొదలై పదకొండుతో ఆగిపోయింది. అది అమెరికా లెక్కకి చేసిన కార్డు, వాళ్లకి పదకొండే. నాన్న సిగ్నల్ బాగానే పంపుతున్నారు. ఉదయ్ కార్డు బాగానే వింటోంది. ఎవరి రద్దీ లేని చోటే కావాలని ఏరికోరి వెళ్లినాయన మాట వినడానికి అక్కడ మా కార్డు కూడా లేదు.

ఈ సంగతి చెప్తే ముందు నాన్న నొచ్చుకుంటారు. ఆయన నొచ్చుకున్నందుకు ఉదయ్ నొచ్చుకుంటాడు. ఇద్దరూ నా ద్వారా క్షమాపణలు పంపుకునేసరికి సోమవారం తొమ్మిదిన్నర దాటిపోతుంది. పాస్‌వర్డు రిజిస్టరు మొదటి పేజీలోనే ఉంది. రూటరు తెరిచి పదమూడు తీసి ఆరు పెట్టాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా.

కిందికి వచ్చేసరికి ఉదయ్ నవ్వుతున్నాడు. "సరోజిని వచ్చింది. డ్రైవరు ఇంకోసారి ఎక్కించా చూడు, అదీ తేడా" అన్నాడు.

"అచ్ఛా" అన్నాను.

సోమవారం తొమ్మిది ఇరవై ఎనిమిదికి ఆఫీసు లైన్లో ఉన్నాను. మేనేజరు "ఠీక్ హై" అని రెండు ముక్కలు పంపాడు. సాయంత్రం ఆరు దాకా లైను ఒక్కసారి కూడా తెగలేదు.

చైతుని తెచ్చుకుందామని పైకి వెళ్తే నాన్న పిలిచారు. ఆయన ముందు రిజిస్టరు తెరిచి ఉంది. పొద్దున్నే సెట్టు చూసుకునే మనిషని నాకు తట్టకపోవడం నా తెలివి. ఆయన చేతిరాతతో, "19-8-07. చానెల్ 13 నుంచి 6కి మార్చడమైనది. కారణం:" అని ఉంది. కారణం దగ్గరా, సంతకం దగ్గరా ఖాళీ.

"మార్చినవాళ్లే రాయాలి. రూలు" అని పెన్ను నావైపు జరిపారు.

కోపమొచ్చిందనుకున్నాను. భయపడుతూనే, "మా కార్డుకి పదకొండు దాకానే వినపడుతుంది" అని రాసి, మైథిలి అని సంతకం పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"అల్లుడుగారికి చెప్పావా?"

"లేదు."

"నిదానంగా చెప్పు. నాకు తెలుసని మాత్రం చెప్పకు."

పెన్ను వెనక్కి తీసుకుని కింది గీత మీద తనే రాశారు. "20-8-07. 0930 నుంచి 1800 వరకు లింకు బాగుంది. డ్యూటీలో: మైథిలి."

సిరా ఆరేదాకా ఆగి రిజిస్టరు మూశారు. "రేపు కూడా తొమ్మిదిన్నరకేనా?" అని అడిగారు.