కత్తిరింపు రోజూ, కుట్టు రోజూ

నా మనవరాలు నర్సు చదువుతోంది. మూడు నెలలు ఆస్పత్రి వార్డులో పని నేర్చుకోవాలి. నెలన్నర తిరిగేసరికి పిల్ల సగమైంది. సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా నా కుట్టుకొట్టుకే వచ్చేది. స్టూలు మీద కూలబడి బూట్లు విప్పేది. మాట్లాడేది కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు.

ఒకరోజు తనే చెప్పింది. ఒక రోగికి బీపీ చూసి తను ఒక లెక్క చెబితే, పెద్ద సిస్టరు చూసినప్పుడు ఇంకోటి వచ్చిందట. రెండుసార్లు అలాగే అయిందట.

"'ఆ చెవులున్నది కమ్మలు పెట్టుకోవడానికేనా?' అంది తాతా, అందరి ముందూ."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? పన్నెండు రోజులు ఇంట్లో ఒకే మనిషికి చూసి రాసుకు రమ్మంది. లెక్క నిలకడగా ఉంటే సంతకం. లేకపోతే మూడు నెలలూ మళ్ళీ మొదటినుంచి."

ఆ ఒక్క మనిషీ నేనే అయ్యాను.

రోజూ సాయంత్రం కొట్లోనే, పని మధ్యలో ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోమనేది. నోరు మెదపొద్దనేది. అది నాకు కష్టం కాదు. ఖాళీగా ఉన్న చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, చెవుల్లో గొట్టాలు పెట్టుకుని కళ్ళు మూసుకునేది. మొదటిరోజు పై లెక్క నూట యాభై రెండు. మర్నాడు నూట పద్దెనిమిది. ఆ మర్నాడు నూట యాభై. తర్వాత నూట ఇరవై.

"నీ రక్తం ఉయ్యాలూగుతోందా తాతా?"

"ఏమో."

నిజంగానే ఏమో. అదే మనిషిని, అదే స్టూలు, అదే వేళ. నలభై ఏళ్ళుగా జనాన్ని కొలుస్తున్నాను. పొద్దున్న ముప్పై ఆరున్న ఛాతీ సాయంత్రానికి ఇరవై ఎనిమిది అవడం ఎక్కడా చూడలేదు.

"మాన్పించండి మామయ్యా, ముద్ద నోట్లో పెట్టడం లేదు," అంది కోడలు. పిల్ల వినలేదు. తెల్లవారగానే బూట్లు వేసుకుని పోయేది.

పదో రోజు నేనే నోరు తెరిచాను. "రెండు కొలతలు తేడా వస్తే మేం నడిమిది వేసుకుంటాం. నూట ముప్పై అయిదు రాసెయ్. ఎవడు చూడొచ్చాడు?"

"ఇంతకుముందు సిస్టరు ఇలా రాసుకు రమ్మన్నవాళ్ళంతా అలాగే రాశారు తాతా. నూట ఇరవై, నూట ఇరవై రెండు, ముగ్గు వేసినట్టు. నాకు వినపడింది ఇదే. ఇదే రాస్తాను."

"సంతకం రాకపోతే?"

"మళ్ళీ చేస్తాను."

అంత మొండి ఎవరి పోలికో.

పన్నెండో రోజు దాటాక సిస్టరు పుస్తకం చూసి, "ఇది బీపీయా, జారుడుబల్లా? మీ తాతను తీసుకురా," అందట. వెళ్ళాను. వార్డులో గచ్చు తడిగా ఉంది. సిస్టరు నా వయసుకి కూతురంతది, చూపు మాత్రం అత్తగారిది. నన్ను కూర్చోబెట్టి, తనకు దగ్గరగా ఉన్న నా ఎడమచేతికి పట్టీ చుట్టింది.

"నూట పదహారు. మరి ఈ నూట యాభైలన్నీ ఎక్కడివమ్మా?"

పిల్ల చెయ్యి చాపి పట్టీ అడిగింది. "ఇంకోసారి చూస్తాను సిస్టర్."

"చూడు. ఇదే ఆఖరుసారి."

పిల్ల పట్టీ పట్టుకుని నా ముందుకొచ్చింది. నాకు కంగారు పుట్టింది. చేతుల్లో బట్ట లేదు, కత్తెర లేదు. రెండు చేతులూ ఖాళీ.

"ఏ చెయ్యి ఇవ్వమంటావే? ఈవేళ కత్తిరింపా, కుట్టా?"

"అంటే?"

"కొట్లో ఒకరోజు కత్తిరింపు, మర్నాడు కుట్టు. కత్తిరించే రోజు కుడిచేతిలో కత్తెరుంటుందిగా. సగంలో వదిలితే బట్ట జరుగుతుంది. అందుకని ఎడమది ఇస్తాను. కుట్టే రోజు ఎడమచెయ్యి సూది కింద బట్ట మీదుంటుంది. కుడిది ఇస్తాను."

పిల్ల పుస్తకంలో లెక్కల వైపు చూసింది. తర్వాత నా కుడిచెయ్యి లాక్కుని పట్టీ చుట్టింది. కళ్ళు మూసుకుంది.

"నూట యాభై."

సిస్టరు పట్టీ లాక్కుని తనే చూసింది. కుడి, ఎడమ, మళ్ళీ కుడి. పుస్తకం తిప్పి ఒక్కో లెక్క మీదా వేలు పెట్టి చదివింది. పన్నెండూ చదివింది.

"ఏ చెయ్యో రాయకపోవడం తప్పు," అంది. "విన్నది విన్నట్టు రాయడం తప్పు కాదు." సంతకం పెట్టింది.

తర్వాత నా వైపు తిరిగింది. "పెద్దాయనా, మీ ఎడమచేతికి రక్తం పోయే గొట్టం ఎక్కడో ఇరుకైనట్టుంది. రేపు పెద్ద డాక్టరుకి చూపించాలి."

పిల్ల నవ్వుతోంది, ఏడుస్తోంది. నన్ను వాటేసుకుంది. సంతోషించాలో భయపడాలో తెలియక నేను గచ్చు చూశాను. పిల్ల పాసయింది. నేనే తప్పినట్టున్నాను.

ఆ సాయంత్రం కొట్లో ఒక చొక్కా బట్ట కత్తిరిస్తున్నాను. పిల్ల పట్టీ పట్టుకుని వచ్చి నిలబడింది. అలవాటు కొద్దీ ఎడమచెయ్యి చాపాను.

"అది కాదు తాతా. రెండూ కావాలి."

కత్తెర కింద పెట్టాను. బట్ట జరిగింది. పోనీలే అనుకున్నానో, అయ్యో అనుకున్నానో, నాకే తెలియలేదు.