మూడో దొంగ తుమ్ము

మా ఆయన సినిమాల్లో దొంగ. నవ్వకండి, అదే ఆయన ఉద్యోగం. మొదటి దొంగ ఎప్పుడూ హీరోనే, రెండో దొంగ కమెడియన్, వాళ్ల వెనకాల నిచ్చెన మోసుకొచ్చేది మా ఆయన. షూటింగుల్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. "మూడో దొంగా, ఇలా రావయ్యా" అనేవాళ్లు. ఆయన నవ్వుకుంటూ వెళ్లేవారు. నాకే ఒళ్లు మండేది.

ఆయన వేసినవాటిలో చెప్పుకోదగ్గ సినిమా ఒక్కటే. ఒక డబ్బున్నావిడ బంగళాలో రత్నాల హారం ఉంటుంది. ముగ్గురు దొంగలు దాన్ని కొట్టేయడానికి వెళ్తారు. హారం కాస్తా చెయ్యి జారి ఇంటి కుక్క మెళ్లో పడుతుంది. ఇక అక్కణ్నుంచి కుక్క ముందు, దొంగలు వెనక. అప్పట్లో జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

అందులో మా ఆయనకి మాటలున్నాయి. కానీ గొంతు ఆయనది కాదు. అప్పట్లో ముందు బొమ్మ తీసేసి, తర్వాత చీకటి గదిలో ఆ బొమ్మ చూస్తూ మైకు ముందు మాటలు చెప్పేవాళ్లు. మా ఆయనది కీచు గొంతు. "కుండలో గులకరాళ్లు వేసి ఆడించినట్టుంది" అన్నాడు డైరెక్టరు, నా ఎదురుగానే. ఎవరో గంభీరమైన గొంతువాణ్ని తెచ్చి మా ఆయన నోట్లో పెట్టారు. నేను వాడికి అద్దె గొంతు అని పేరు పెట్టుకున్నాను.

అయితే అద్దె గొంతుకి తుమ్ము రాలేదు. కర్టెన్ వెనక దాక్కున్న మూడో దొంగ తుమ్మాలి, వాచ్‌మన్ "ఎవరక్కడ?" అనాలి, "పిల్లినండి" అని దొంగ జవాబివ్వాలి. అదీ సీను. ఆ పెద్దమనిషి ఎన్నిసార్లు తుమ్మినా అత్తగారి ముందు తుమ్మినట్టు మర్యాదగా తుమ్మాడు. చివరికి సౌండింజనీరు విసిగిపోయి "ఆ అసలు మనిషినే పిలవండయ్యా" అన్నాడు. నేను అన్నం క్యారియర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. మా ఆయన ముక్కుపొడి పీల్చి ఒక్కటి వేశారు చూడండి, దగ్గరున్నవాళ్లు వెనక్కి గెంతారు.

బయటికొచ్చి కళ్లు తుడుచుకుంటూ "నా గొంతు పనికిరాలేదు గానీ నా ముక్కు పనికొచ్చిందే" అన్నారు.

ఇంట్లోనూ అంతే, ఆయన తుమ్మితే గిన్నెలు కదిలేవి. నేను వంటింట్లోంచి "ఇల్లుందా, పోయిందా?" అని అరిచేదాన్ని. "ఉందే, ఇంకా ఉంది" అనేవారు. రోజూ అదే మాట, రోజూ అదే జవాబు. మా కాపురం చాలావరకు అలాగే గడిచింది.

ఇప్పుడు ఇల్లుంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఫొటోలు బోలెడున్నాయి, గొంతు మాత్రం ఎక్కడా లేదు. "నాన్న ఇలా అనేవారు" అని ఆయన్ని అనుకరించి చూపించడానికి పిల్లలూ లేరు. ఆ అద్దె గొంతు మాత్రం, టీవీలో ఏ పాత సినిమా పెట్టినా ఎవడి నోట్లోంచో వస్తూనే ఉంటుంది. ఈ మధ్య ఇంకో దరిద్రం మొదలైంది. ఆయన నాతో అన్న మాటలు గుర్తు చేసుకుంటే, అవి అద్దె గొంతులోనే వినపడుతున్నాయి. "ఉందే, ఇంకా ఉంది" కూడా. అది తెలిసిన రోజు మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఆయన సొంతమంటూ మిగిలింది ఆ తుమ్ము ఒక్కటే. ఆ సినిమా రీళ్లేమో పాడైపోయాయన్నారు.

అలాంటిది, ఎక్కడో మంచి రీళ్లు దొరికాయని, మా వీధి చివర థియేటర్లో ఆదివారం పొద్దున ఒక ఆట, సోమవారం మధ్యాహ్నం ఒక ఆట వేస్తారని పేపర్లో పడింది. చెవి మిషనుకి కొత్త బ్యాటరీ వేయించాను.

ఆదివారం హాలు కిటకిటలాడింది. కర్టెన్ సీను వచ్చింది. ముందు కర్టెన్ కింద బూట్లు కనపడ్డాయి. ఎడమ బూటుకి చిల్లుంది, అది మా ఇంటి బూటే. తర్వాత ఆయన మొహం. ముక్కు ఎగబీల్చారు. నేను చెవి మిషను సౌండు పెంచాను. అంతే, ఆయన తుమ్మకముందే హాలంతా గొల్లుమంది. తెర మీద ఆయన నోరు తెరుచుకుంది, కర్టెన్ ఎగిరింది, నాకు వినపడింది మాత్రం పక్క సీటాయన నవ్వు. అది తగ్గేసరికి అద్దె గొంతువాడు "పిల్లినండి" అన్నాడు, శుభ్రంగా.

"కాసేపు నోరు మూసుకోలేరా?" అన్నాను పక్కాయనతో.

"కామెడీ సినిమాకొచ్చి నవ్వొద్దంటారేంటండీ" అన్నాడు.

మనసులోనే హాలు హాలంతటినీ తిట్టాను.

బయటికొస్తూ, టికెట్లిచ్చే అమ్మాయిని "రేపు కూడా ఇంత జనం వస్తారా?" అనడిగాను.

"సోమవారం మధ్యాహ్నం ఎవరొస్తారు పెద్దమ్మా, ఈగలు తప్ప" అంది. ఇంత మంచి మాట నేనీ మధ్య వినలేదు.

మర్నాడు నేను, చల్లగాలి కోసం వచ్చి నిద్రపోతున్న ఒకాయన, ఫోనులో తల దూర్చిన ఒక జంట. అంతే. మళ్లీ ఆ బూట్లు. మళ్లీ ఆ ముక్కు.

తుమ్మారు.

విన్నాను. కీచుగా మొదలై, మధ్యలో గరగరలాడి, ఆఖర్న సన్నగా "అబ్బ" అంటూ ఆగింది. ఆ "అబ్బ" సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను. దాన్ని కత్తిరించడం ఆ సౌండువాళ్లూ మర్చిపోయినట్టున్నారు. అదే గొంతు. మా ఆయనదే.

నా నోరు ఊరుకుందా? "ఇల్లుందా, పోయిందా?" అనేసింది.

"పిల్లినండి" అని జవాబొచ్చింది తెర మీంచి, అద్దె గొంతులో.

హాల్లో ఎవరూ నవ్వలేదు. నిద్రపోతున్నాయన తల ఇంకో పక్కకి వాల్చాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఈ సినిమా మొదటి రోజు మేమిద్దరం వెనక వరుసలో కూర్చున్నాం. ఇదే చోట జనం గొల్లుమంటే ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని "నాకేనే, ఆ నవ్వు నాకే" అన్నారు. నిన్న నేను తిట్టిపోసింది ఆ నవ్వునే.

ఇప్పుడు ఆయన తుమ్మి, హాల్లోవాళ్ల మొహాల్లోకి చూస్తున్నట్టు కర్టెన్ సందులోంచి చూస్తున్నారు.

నవ్వాను. ముందు సరిగ్గా రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ నవ్వాను, వెనక వరుస దాకా వినపడేలా. ఫోను జంట తిరిగి చూశారు. చూస్తే చూశారు. తెర మీద కుక్క హారం వేసుకుని పరిగెత్తుతోంది, నేనింకా నవ్వుతూనే ఉన్నాను.