తెల్లరంగు పూసిన గొయ్యి

తాలిగరా ఊళ్లో పోస్టర్లు అంటించినప్పటి నుంచి జనం నోట ఒకటే మాట: పది లక్షల డాలర్లు. పెట్రోలు బంకు గోడ మీద, క్లబ్బు తలుపు మీద, డెల్మా పాస్కో లాండ్రీ అద్దం మీద ఫొటోల్లో కెల్విన్ నవ్వుతూ నిలబడ్డాడు. వాడు డెల్మాకి ఒక్కగానొక్క తమ్ముడు. ఓపల్ అనే రంగురాళ్లు తవ్వుకుందామని ఈ ఎర్రమట్టి ఎడారికి వచ్చి, ఒక వేసవి సాయంత్రం తవ్వకం దగ్గర్నుంచి ఇంటికి రాలేదు. అప్పటికి ఇరవయ్యారేళ్లు. ఆ తర్వాత పంతొమ్మిది వేసవులు గడిచాయి.

"అంత డబ్బిస్తానంటే నేనే చంపానని ఒప్పేసుకుంటా" అని క్లబ్బులో ఎవడో అన్నాడట. అందరూ నవ్వారట. ఆ మాట డెల్మా చెవినా పడింది. కెల్విన్ సంగతి చెప్పినవాళ్లకి ప్రభుత్వం మొదటిసారి లక్ష బహుమతి ప్రకటించినప్పుడూ ఇలాగే నవ్వుకున్నారు. అప్పుడు ఒక్క నరపురుగు కూడా నోరు విప్పలేదు.

ఈసారి నగరం నుంచి డిటెక్టివ్ సార్జెంట్ ఫరూజా అనే ఆవిడ స్వయంగా వచ్చింది. క్లబ్బు ముందు టీవీ కెమెరాలు పెట్టి, డెల్మా చేత నాలుగు మాటలు చెప్పించింది. "మా అమ్మ వాడి కోసం ఎదురుచూస్తూనే పోయింది" అని డెల్మా చేతిలోని కాగితం మడిచేసింది. అప్పుడు జనంలోంచి వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసినవాడు వారిక్ స్టబ్స్. కెల్విన్‌తో కలిసి తవ్విన భాగస్వామి. ఊరి ఫైర్ దళానికి, గనుల్లో పడ్డవాళ్లను పైకి తీసే దళానికి అతనే పెద్ద. ఆనాడు కెల్విన్ కోసం వెతికింది అతని మనుషులే. ఊరి చుట్టూ బావుల్లాగా నోళ్లు తెరుచుకుని వందలకొద్దీ పాత గోతులున్నాయి. వారిక్ నడుముకి తాడు కట్టుకుని ఒక్కొక్క గోతిలోకీ దిగాడు. వెతకడం అయిపోయిన గొయ్యి పక్కన తెల్లరంగుతో గుర్తు పెట్టేవాడు. అలిసిపోయి పైకి వచ్చినప్పుడల్లా డెల్మా అమ్మ అతనికి టీ అందించేది.

ఫరూజా వెళ్లిన నాలుగో రోజున, ఎండ నిప్పులు చెరుగుతున్న మధ్యాహ్నం, వారిక్ భార్య ఇలోనా బట్టల బుట్ట పట్టుకుని లాండ్రీకి వచ్చింది. సన్నటి మనిషి, మాట కూడా సన్నగానే ఉంటుంది. బట్టలు మెషిన్లో వేసి మీట నొక్కింది. కానీ బెంచీ మీద కూర్చోలేదు. పోస్టర్ దగ్గర నిలబడి చదువుతోంది.

"మీ మెషిన్ పాడైందా ఏం?" అంది డెల్మా.

"లేదు." ఇలోనా వెనక్కి తిరగలేదు. "డెల్మా, ఈ చివర్న చిన్న అక్షరాల్లో రాసిందే, అది నిజమేనా?"

"ఏది?"

"హత్యలో చెయ్యి లేనివాళ్లు, తెలిసీ దాచిపెట్టినవాళ్లు ఇప్పుడొచ్చి చెబితే క్షమాభిక్షకి సిఫార్సు చేస్తామని. మాటవరసకి రాశారా, నిజంగా చేస్తారా?"

డెల్మా చేతిలో మడతపెడుతున్న దుప్పటి ఆగిపోయింది. ఊరంతా ఆ పోస్టర్లో సున్నాలు లెక్కపెట్టుకుంది. ఆ ఆఖరి లైను చదివిన మనిషిని ఇప్పుడే చూస్తోంది.

"ఇలోనా, ఇటు చూడు."

ఇలోనా ఇటు తిరిగింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఆ సాయంత్రం వారిక్ బట్టలు నేనే ఉతికాను. రక్తం ఎందుకంటే పార తగిలిందన్నాడు. మర్నాడు కెల్విన్ కనబడ్డంలేదని తెలిశాక అడిగాను. అడిగితే, 'బట్టలు ఉతికింది నువ్వు, జైలుకి ఇద్దరం పోతాం' అన్నాడు. తర్వాత వెతుకులాట మొదలైంది. పడమటి గుట్ట కింద ఒక గొయ్యి ఉంది. అందులోకి ఎవరూ దిగలేదు, అతను కూడా దిగలేదు. అందరికంటే ముందు పోయి దాని పక్కన తెల్లరంగు పూసి వచ్చాడు. డబ్బా నా చేతే మోయించాడు."

మెషిన్ గిరగిరా తిరుగుతోంది. అద్దంలోంచి ఫైర్ దళం నారింజ రంగు చొక్కాలు ఒకదాని మీద ఒకటి పడుతూ లేస్తున్నాయి.

డెల్మా చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆ చెంప పగలగొట్టాలనిపించింది. "మా అమ్మ చావుకి వచ్చావు నువ్వు. పువ్వులు తెచ్చావు. నా పక్కనే కూర్చున్నావు కదే!"

"కూర్చున్నాను."

"ఎలా కూర్చోగలిగావే?"

ఇలోనా కొట్టించుకోవడానికి వచ్చినదానిలా కళ్లు మూసుకుని నిలబడింది. డెల్మా ఎత్తిన చెయ్యి దించి, ఫోను అందుకుంది.

ఫరూజా పూర్తిగా విని, ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా చెప్పింది. "డెల్మా గారూ, మేం ఇంకా నగరానికి వెళ్లలేదు, పోర్టు టౌన్లోనే ఉన్నాం, బయల్దేరుతున్నాం. రెండు గంటల్లోపే వచ్చేస్తాం. మీ ఊరి కానిస్టేబుల్ హైవే మీద యాక్సిడెంట్ దగ్గరున్నాడు, అతన్నీ పంపిస్తాను. ఈలోగా షాపు మూసెయ్యండి. ఆవిణ్ని బయటికి పోనివ్వొద్దు. వారిక్ ఎదురుపడితే మాత్రం ఏమీ తెలియనట్టే ఉండండి. మీరేమీ అడగొద్దు. మీకు అర్థమవుతోంది కదా?"

"అవుతోంది మేడమ్."

డెల్మా ఇలోనాని వెనక గదిలోకి తోసింది. ఎండ తట్టుకోలేక ఊళ్లో సగం ఇళ్లు గుట్టల్లోకి తొలిచి కట్టుకున్నవే. లాండ్రీ వెనక గదీ అంతే, మూడు పక్కలా రాయి. దానికి ఇంకో తలుపు లేదు, కిటికీ కూడా లేదు. ఆ గది అంటే డెల్మాకి ఇన్నాళ్లూ చల్లదనమే. ఇప్పుడు చూస్తే బోనులా కనబడింది.

వీధి తలుపుకి తాళం వేద్దామని రెండడుగులు వేసిందో లేదో, బయట ఎర్రదుమ్ము లేపుకుంటూ వారిక్ ట్రక్కు ఆగింది.

"ఏం డెల్మా, ఎండకి కరిగిపోతున్నావా?" టోపీ తీసి విసురుకుంటూ లోపలికి వచ్చాడు. భారీ మనిషి, తలుపు నిండా ఉన్నాడు. "మా ఆవిడ ఇటు వచ్చిందా?"

"బట్టలేసి పోయింది. మందుల షాపుకేమో."

"మందుల షాపు నుంచే వస్తున్నా." వారిక్ తిరుగుతున్న మెషిన్ వంక చూశాడు. "ఇంట్లో మెషిన్ శుభ్రంగా పనిచేస్తోంది. ఇక్కడికెందుకు తెచ్చినట్టు?"

"నాకేం తెలుసు? వచ్చినవాళ్లని ఎందుకొచ్చావని అడిగితే నా వ్యాపారం సాగినట్టే."

అతను నవ్వాడు. బెంచీ మీద కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. "సరే, వస్తుందిగా. కూర్చుంటా."

డెల్మా మళ్లీ దుప్పటి తీసుకుని మడత పెట్టసాగింది. మడత వంకర పోతోంది. విప్పి మళ్లీ పెట్టింది. అతను తననే చూస్తున్నాడని, ఆ చూపు మెడ వెనక తెలుస్తోంది. ఈ మనిషికే అమ్మ టీ ఇచ్చింది. ఈ మనిషి భుజం మీదే తను ఏడ్చింది.

"ఫోన్లేమైనా వచ్చాయా పోలీసులకి?" అన్నాడు వారిక్.

"నాకెవరు చెబుతారు?"

"వస్తాయిలే. పది లక్షలంటే పిచ్చోళ్లు, తాగుబోతులు, ఎవడు పడితే వాడు చేస్తాడు. నిన్ను అనవసరంగా ఆశ పెట్టారు, అదీ నా బాధ. నా మాట విను. కెల్విన్ ఎక్కడో సముద్రపు ఒడ్డున బీరు తాగుతుంటాడు." లేచాడు. "గొంతెండిపోతోంది. ఫ్రిజ్‌లో నీళ్లున్నాయిగా, నేను తెచ్చుకుంటాలే."

ఫ్రిజ్ వెనక గదిలో ఉంది.

"కూర్చో, నేను తెస్తా. నీ బూట్ల మట్టితో లోపలికొస్తే మళ్లీ నేనే తుడవాలి." ఆ విసురు ఎక్కణ్నుంచి వచ్చిందో డెల్మాకే తెలియదు. లోపల ఇలోనా ఆరేసిన దుప్పట్ల మధ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. డెల్మా సీసా తీసుకుని, ఆమె వైపు చూడకుండా బయటికొచ్చింది. చూస్తే తన ముఖం ఆగదని తెలుసు.

వారిక్ సగం సీసా ఖాళీ చేశాడు. ఇంకా కూర్చునే ఉన్నాడు. గోడ గడియారం వైపు చూడకూడదని డెల్మా మనసులో గట్టిగా అనుకుంటోంది. అనుకుంటూనే చూస్తోంది.

అప్పుడే తలుపు తోసుకుని ముసలి స్టావ్రోస్ వచ్చాడు. గ్రీసు నుంచి కుర్రవాడిగా వచ్చి, ఈ గుట్టల్లోనే నడుం వంగిపోయిన గనికార్మికుడు. చంకలో రెండు కంబళ్లు. "అమ్మాయ్, ఇవి నాకంటే ముసలివి. మెల్లగా తిప్పు, ఎముకలు విరుగుతాయి."

"రా బాబాయ్, కూర్చో." డెల్మాకి ప్రాణం లేచివచ్చినట్టయింది. "టీ పెడతాను, తాగే వెళ్లాలి."

"టీ ఇస్తానంటే ఇక్కడే కాపురముంటా." స్టావ్రోస్ బెంచీ మీద కూలబడి వారిక్ తొడ మీద చరిచాడు. "ఏరా, ఇద్దరూ కలిసే వచ్చారా? ఇందాక మీ ఆవిడ బుట్టతో ఇక్కడికొస్తుంటే పలకరించాను, పలకలేదు. మా గుమ్మంలోంచి ఈ తలుపే కనబడుతుంది. నేను అక్కడే కూర్చున్నా, బయటికి రావడం చూళ్లేదే!"

మెషిన్ తిరగడం పూర్తయి ఆగిపోయింది.

వారిక్ మెల్లగా లేచాడు. "డెల్మా, నా భార్య ఎక్కడుంది?"

ఇక దాచి లాభం లేదని డెల్మాకి తెలిసింది. "లోపల పడుకుంది. ఎండదెబ్బ. కాసేపు పడుకోనీ."

"ఇంటికి తీసుకెళ్తాను."

"నేను దింపుతాలే."

"పక్కకి జరుగు."

డెల్మా గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "బాబాయ్," అంది, కళ్లు వారిక్ మీంచి తియ్యకుండా. "ఇటొచ్చి నా పక్కన నిలబడు." స్టావ్రోస్‌కి ఏమీ అర్థంకాలేదు. కానీ ఆ గొంతు విన్నాక ఎందుకని అడగలేదు. వంగిన నడుంతోనే వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

అప్పుడు వెనకనుంచి ఇలోనా మాట వినబడింది. "నేను రాను."

"ఇలోనా, ఇంటికి పద." వారిక్ గొంతు ఎంత మెత్తగా ఉందంటే, డెల్మాకి ఒళ్లు గగుర్పొడిచింది. "నీకు ఒంట్లో బాగాలేదు. ఏదేదో వాగుతున్నావు."

"చెప్పేశాను వారిక్. ఆ తెల్లరంగు గురించి కూడా చెప్పేశాను. వాళ్లు దార్లో ఉన్నారు."

వారిక్ డెల్మా వైపు చూశాడు. ఇన్నేళ్లుగా ఓదార్చిన ఆ ముఖంలో ఇప్పుడు కోపం లేదు, భయం లేదు. లెక్క వేసుకుంటున్నవాడి చూపు. ముగ్గురిని ఒక్కొక్కరిగా చూసి, చివరికి వీధి తలుపు వైపు తిరిగాడు. టోపీ బెంచీ మీదే వదిలేసి వెళ్లిపోయాడు. ట్రక్కు గుర్రుమంది.

డెల్మా పరుగెత్తుకుని వెళ్లి తాళం వేసింది. "తుపాకీ కోసం వెళ్లాడు" అంది ఇలోనా. ముగ్గురూ కలిసి బెంచీని తలుపుకి అడ్డంగా ఈడ్చారు. స్టావ్రోస్ ఇస్త్రీ బల్ల కర్ర పీకి చేత్తో పట్టుకున్నాడు. బయట చిన్న చప్పుడైనా ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. "ఇప్పటికైనా నాకెవరైనా చెబుతారా?" అన్నాడు స్టావ్రోస్. డెల్మా చెప్పింది. అతను విని, గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. ఆనాటి వెతుకులాటలో తాడు పట్టుకున్నవాళ్లలో అతనూ ఒకడు.

వారిక్ తుపాకీ కోసం వెళ్లలేదు. పడమటి గుట్టకి వెళ్లాడు. గోతుల్లోంచి మట్టి పీల్చి బయట పోసే యంత్రం ఒకటి అతనికుంది. పోలీసులు వచ్చేసరికి దాన్ని ఆ గొయ్యి పక్కన నిలబెట్టి, దాని డబ్బాలోని మట్టిని గోతిలోకి కుమ్మరిస్తున్నాడట. అసలే సగం పూడిన గొయ్యి. వందల గోతుల్లో ఏదని ఇలోనా వేలెత్తి చూపించాల్సిన అవసరమే లేకపోయింది. సంకెళ్లు వేస్తుంటే మట్టి కొట్టుకుపోయిన చేతులు చాచి నిలబడ్డాడని ఫరూజా చెప్పింది.

తవ్వడానికి చాలా రోజులు పట్టింది. డెల్మా రోజూ వెళ్లి తాళ్ల అవతల కుర్చీ వేసుకుని కూర్చునేది. ఒక ఉదయం ఫరూజా హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, తన వైపు నడిచి వస్తుంటే డెల్మాకి చెప్పకుండానే తెలిసిపోయింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. "వాడికి కప్పడానికి ఏమైనా ఉందా?" అని మాత్రం అడిగింది. ఎండలో అలా వదిలేస్తారేమోనని భయమేసింది.

కోర్టులో అసలు సంగతి బయటపడింది. ఇద్దరూ కలిసి మంచి ఓపల్ పొర ఒకటి కనిపెట్టారు. ఎవరికీ చెప్పకుండా అమ్మేద్దామన్నాడు వారిక్. తవ్వకానికి పెట్టుబడి పెట్టిన మూడో భాగస్వామికి వాటా ఇవ్వకపోతే తప్పు కదా అన్నాడు కెల్విన్. మాటా మాటా పెరిగి పార లేచింది. వారిక్‌కి యావజ్జీవం పడింది. పోస్టర్లో అన్నట్టే ఇలోనాకి క్షమాభిక్ష దొరికింది.

శిక్ష పడ్డాకే బహుమతి. అది ఇలోనాకే ఇచ్చారు. పది లక్షల్లో ఎంతిచ్చారన్నది ప్రభుత్వం బయటపెట్టలేదు. ఊరు మాత్రం ఊరుకోలేదు. ఇన్నేళ్లు శవం మీద కూర్చుని ఇప్పుడు సొమ్ము చేసుకుందని ఇలోనా మొహం మీదే అన్నారు. ఆమె గోడ మీద ఎవరో బూతులు రాశారు. టీవీ అమ్మాయి వచ్చి డెల్మా ముందు మైకు పెట్టి "ఆ డబ్బు ఆమెకి రావడం మీకు న్యాయమనిపిస్తోందా?" అనడిగింది.

"నా తమ్ముడు ఇంటికొచ్చాడు," అంది డెల్మా. "అంతకంటే నన్నేమీ అడగొద్దు."

నగరానికి వెళ్లిపోయే రోజున ఇలోనా లాండ్రీ దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు, డెల్మా రమ్మనలేదు. "సగం నీకిస్తాను," అంది ఇలోనా. "కాదనకు."

"వద్దు."

"అయితే ఒక్కసారి తిట్టనైనా తిట్టు డెల్మా. ఆ రోజు చెయ్యెత్తి దించేశావు."

డెల్మా ఆమెను చూసింది. ఆ సన్నటి మనిషి తెలిసీ అమ్మ చావుకి పువ్వులు తెచ్చింది. ఆ సన్నటి మనిషే వెనక గదిలోంచి నడిచొచ్చి, నేను రాను అంది. రెంటినీ కలిపి ఒక మనిషిగా చూద్దామంటే డెల్మాకి చేతకావడం లేదు.

"తిట్టలేను, ఇలోనా. ఫర్వాలేదులే అని కూడా అనలేను. నువ్వు అమ్మకి బతికుండగా చెప్పి ఉంటే, నిన్ను కడుపులో పెట్టుకుని చూసుకునేదాన్ని. ఇప్పుడు మాత్రం నావల్ల కాదు."

ఇలోనా తలూపింది. బస్సు వైపు నడిచింది. పెట్టె బరువుగా ఉండి ఒకపక్కకి వంగిపోతోంది. డెల్మా కాసేపు చూసి, మెట్లు దిగి, వెనకనుంచి వెళ్లి పెట్టెకి రెండో పక్క చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి బస్సు దాకా మోశారు. డ్రైవరు పెట్టె అందుకున్నాక డెల్మా వెనక్కి తిరిగి వచ్చేసింది.