గ్లాసు అడుగున మిగిలిన పాలు

మా మరిది డాక్టరు చదువు పూర్తిచేసి, పై చదువుకి పరీక్ష రాసి, ఫార్మకాలజీలో సీటు తెచ్చుకున్న రోజు మా ఇంట్లో ఎవరికీ నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొడుకు సర్జన్ అవుతాడని అత్తయ్య అప్పటికే ఊరంతా చాటింపు వేసింది. పక్కింటావిడ వచ్చి, అయితే మందుల షాపు పెడతాడా అని అడిగింది. పాపం, తెలియకే అడిగింది. అయినా అత్తయ్య చాలాకాలం ఆవిడ మొహం చూడలేదు. కొత్త మందులు కనిపెట్టే చదువులే అమ్మా అని మా ఆయన సర్దిచెప్పాడు. మందుల్ని కనిపెట్టడం సంగతేమో గానీ, మనుషుల్ని ఓ కంట కనిపెట్టడం మాత్రం అక్కడ బాగానే నేర్పారు.

మొదటి సంవత్సరంలోనే వాణ్ణి వార్డుల మీద వదిలారు. ఏ మందు వల్ల ఏ రోగికి చెడు జరిగిందో పట్టుకురావడం వాడి పని. ఒకడికి ఒంటి మీద దద్దుర్లు లేచాయనుకోండి, మా మరిది మంచం పక్కన కూర్చుని మొదలుపెడతాడు. మందు ముందా, దద్దుర్లు ముందా? మందు ఆపితే తగ్గాయా? మళ్ళీ వేస్తే మళ్ళీ వచ్చాయా? ఇంకేదైనా కారణం ఉందా? ఒక్కో జవాబుకి ఇన్ని మార్కులని ఉంటాయట. అన్నీ కూడితే ఆ మందు దోషో కాదో తేలుతుందట. వాడు వార్డులో అడుగుపెట్టగానే అక్కడి డాక్టర్లు ఏదో పని గుర్తొచ్చినట్టు మాయమయ్యేవాళ్ళట. నర్సులు వాడికి సీఐడీ అని పేరు పెట్టారు. ఆ పేరు వాడే మాకు చెప్పుకుని మురిసిపోయాడు.

నేను బస్టాండులో విచారణ కౌంటరులో కూర్చుంటాను. అడిగిందే అడిగేవాళ్ళకి చెప్పిందే చెప్పడం నా ఉద్యోగం. అందుకే మరిది ప్రశ్నలు మొదట్లో నాకు సరదాగానే ఉండేవి. వాడు హాస్టల్లో ఉండేవాడు, ఆదివారాలు ఇంటికొచ్చేవాడు. వచ్చినప్పుడల్లా "వదినా, నువ్వు తలనొప్పికి వేసుకునే బిళ్ళ ఎన్నాళ్ళ నుంచి?" అని నన్ను కూడా ఒక పట్టు పట్టేవాడు. నేనూ ఏదో ఒకటి అని ఏడిపించేదాన్ని.

ఆ చలికాలం అత్తయ్యకి ఒళ్ళంతా పొడిబారి దురద పట్టుకుంది. ఆవిడ లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయిన మనిషి. పేపర్లో వచ్చే అంకెలు కూడి చూసి, తప్పుంటే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టే రకం. అలాంటి మనిషి దురదకి తట్టుకోలేక రాత్రిళ్ళు నన్ను లేపేది. నేను లేచి వీపుకి నూనె రాసేదాన్ని. పొద్దున్న కౌంటరులో కూర్చుంటే కళ్ళు మూతలు పడిపోయేవి.

కొన్నాళ్ళకి ఆవిడ నన్ను లేపడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత పగలు కూడా నిద్రపోవడం మొదలుపెట్టింది. కూర్చున్న చోటే తల వాల్చేసేది. నోరు ఎండిపోతోందని నాలుక పెదాల మీద ఆడించేది. ఒకరోజు దుప్పటి మీద లేని చీమల్ని ఏరి పక్కన పడేస్తూ కనిపించింది. ఇంకోరోజు నన్ను ఎప్పుడో పోయిన తన చెల్లెలనుకుని, స్కూలుకి వేళయిందని కసిరింది. ఏడెనిమిదులెంతని మా ఆయన అడిగితే ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. వీధి చివర డాక్టరు వచ్చి చూసి, వయసు మీద పడింది, మతి తప్పడం మొదలైంది, ఇక మీరే సర్దుకోవాలి అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం మరిది వచ్చాడు. వాళ్ళమ్మని చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత సీఐడీ అయిపోయాడు. ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మని భోజనాల బల్ల మీద కుమ్మరించాడు. బీపీవి, షుగరువి, ఎముకల బలానికి వాడేవి, ఒక్కో అట్టా వెలుతురుకి పెట్టి చూశాడు. దేన్లోనూ తప్పు దొరకలేదు. వాళ్ళమ్మ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఇవి కాక ఎవరైనా ఏమైనా ఇస్తున్నారా అమ్మా అని అడిగాడు.

అత్తయ్య మగతలోనే, "ఇంకెవరిస్తారు? నా కోడలే ఇస్తుంది" అంది.

వాడు తలెత్తి నావైపు చూశాడు. ఆ చూపు నేను కౌంటరు అద్దం వెనక నుంచి చాలాసార్లు చూశాను. బస్సు లేదని చెబితే, ఉండీ లేదంటోందనుకునే వాళ్ళ చూపు అది. అప్పటిదాకా నన్ను నువ్వు అనేవాడు ఆ పూట నుంచి మీరు అనడం మొదలుపెట్టాడు. ఇంట్లో నిద్రమాత్రలేమైనా ఉన్నాయా అన్నాడు. లేవన్నాను. ఎప్పుడైనా కొన్నారా అన్నాడు. లేదన్నాను. రాత్రిపూట అమ్మకి పాలు ఎవరు కలుపుతారన్నాడు. నేనే అన్నాను. ఎన్నింటికి, ఏ గ్లాసులో, చక్కెర ఎవరు వేస్తారు? నాకు ఒళ్ళు మండింది. పాలు నేనే, చక్కెర నేనే, గ్లాసు కడిగేది కూడా నేనే, అన్నీ నా పేరునే రాసుకో అని లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడు నా హ్యాండ్ బ్యాగు జిప్పు తీసి ఉంది. తలనొప్పి బిళ్ళలు ఎప్పుడూ చిన్న అరలో ఉంటాయి, ఆరోజు పెద్ద అరలో ఉన్నాయి. మా ఆయనతో చెప్పాను. ఆయన లిఫ్టుల మెకానిక్కు. ఎక్కువ మాట్లాడడు, మాట్లాడితే మెత్తగా మాట్లాడతాడు. "వాడి చదువే అంత. పట్టించుకోకు" అన్నాడు. ఆయన మాత్రం నా పక్షాన ఉన్నాడని ధైర్యం తెచ్చుకున్నాను.

మళ్ళీ ఆదివారం ఫ్రిజ్జులో పెరుగు కోసం చెయ్యి పెడితే, నీళ్ళ సీసాల వెనక చిన్న మందు సీసా ఒకటి తగిలింది. అందులో రెండు గుటకల పాలు. మీద అంటించిన కాగితం మీద మరిది అక్షరాలతో ‘రాత్రి, గ్లాసు అడుగున’ అని ఉంది.

నాకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే వాడికి అదీ ఒక లక్షణమై కూర్చుంటుందని ఆపుకున్నాను. ఆ పూట అత్తయ్యకి కలిపిన పాలు హాల్లోకి తెచ్చి, అందరి ముందూ సగం తాగాను.

"చాలా? ఇంకో గుటక తాగమంటావా?" అని అడిగాను.

మరిది తల దించుకున్నాడు. మా ఆయన లేచి గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, ఇక ఈ పాల గొడవ తనకి వదిలెయ్యమన్నాడు. రేపటి నుంచి అమ్మ పాలు తనే కలుపుతానని, నన్ను కాస్త విశ్రాంతి తీసుకోమని భుజం తట్టాడు. అంత అవమానంలోనూ ఆ మాట నాకు చల్లగా తగిలింది. ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడనుకున్నాను.

పాలు చేతులు మారినా అత్తయ్య మారలేదు. పైగా ఇంకా మందగించింది. దాంతో నా మీద అనుమానం తీరిపోవాలి కదా? తీరలేదు, పాలలోంచి కూరలోకి మారింది. నేను వడ్డిస్తుంటే మరిది వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు. నాకూ వాడి మీద అనుమానం పట్టుకుంది. వాళ్ళ డిపార్టుమెంటులో వారం వారం ఎవరో ఒకరు ఒక కేసు చెప్పాలట. సొంత తల్లినే కేసు చేసి మార్కులు కొట్టేద్దామని చూస్తున్నాడేమో, అందులో విలన్ని నేనేమో అనుకున్నాను. సగం నిజమే అయింది. వాడు ఆ కేసు చెప్పాడు. పేర్లు చెప్పకుండా, ‘చూసుకునే మనిషి మీద అనుమానం ఉంది’ అని కూడా చెప్పాడట. వాళ్ళ మేడమ్ అంతా విని, ఆ పెద్దావిణ్ణీ ఆ చూసుకునే మనిషినీ ఇద్దర్నీ తీసుకురమ్మంది.

మా ఆయనకి ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొచ్చింది. ముగ్గురమే వెళ్ళాం. నేను మంచి చీర కట్టుకున్నాను, బోను ఎక్కేటప్పుడు మాసిన బట్టలెందుకని.

ఆ డిపార్టుమెంటు ఆస్పత్రిలా లేదు. రోగులు లేరు, మంచాలు లేవు. వరండా పొడుగునా గాజు బీరువాల్లో రంగు వెలిసిన మందు సీసాలున్నాయి. ఒక గదిలో బల్ల మీద సూది గుచ్చడం నేర్చుకోవడానికి రబ్బరు చెయ్యి ఒకటి పడుకుని ఉంది. దాని పక్కన కంప్యూటరు తెర మీద ఒక కుందేలు కన్ను. ఒకమ్మాయి అందులో మందు చుక్క వేస్తున్నట్టు మీట నొక్కినప్పుడల్లా ఆ కంటిపాప పెద్దదవుతోంది. మా మరిదిలాంటి వాళ్ళే నలుగురైదుగురు నోట్సు పట్టుకుని నన్ను చూస్తున్నారు. చూసుకునే మనిషి అంటే ఈవిడేనన్న మాట అని వాళ్ళ మొహాల మీద రాసి ఉంది.

మేడమ్ పొట్టి మనిషి, చీర మీద పరుగు బూట్లు వేసుకుంది. మందులు ఎవరిస్తారంది. నేనే అని గట్టిగా చెప్పాను. సరేనని తల ఊపి, నన్ను వదిలేసి అత్తయ్య ఎదురుగా కుర్చీ లాక్కుంది. అత్తయ్యతో మాత్రం మందుల మాటే ఎత్తలేదు. తల నొప్పెడితే ఏం చేస్తారని అడిగింది. తర్వాత కళ్ళు మండితే, ముక్కు కారితే, కడుపు ఉబ్బితే, విరేచనం కాకపోతే, ఇలా నెత్తి నుంచి కాళ్ళ దాకా దిగుతూ ఒక్కోటీ అడిగింది. అత్తయ్య జోగుతూనే ఒక్కోదానికీ జవాబు చెప్పింది.

"మరి దురద పెడితే?"

అత్తయ్య మొహం వెలిగింది. ఒళ్ళో ఉన్న కళ్ళజోడు పెట్టె తెరిచి, జోడు కింద మడిచి పెట్టుకున్న బిళ్ళల అట్ట తీసింది. "దురదెక్కడుందమ్మా ఇప్పుడు! మా చిన్నాడిచ్చాడు. పెట్టినప్పుడల్లా ఒకటి వేసుకుంటా" అంది.

మేడమ్ అట్ట తిప్పి చూసి మా మరిదికి అందించింది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. పాత రకం దురద బిళ్ళ అది. పెద్దవయసు వాళ్ళకి ఇస్తే మగత కమ్ముతుందని, మతి చెదురుతుందని, లేనివి కనిపిస్తాయని అందరి ముందూ క్లాసు చెప్పింది నువ్వే కదా అని మేడమ్ వాణ్ణి అడిగింది. అవునన్నాడు. రాత్రికి ఒక్కటే అని, చలికాలమంతటికీ సరిపడా ఇచ్చానన్నాడు.

"మరి నువ్వు చెప్పిన మందుల్లో ఇది లేదేం?"

"అది... నేనిచ్చింది కదా మేడమ్" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం లేచి గంతులెయ్యాలనిపించింది, వాడి చెంప పగలగొట్టాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యకుండా అత్తయ్య కళ్ళజోడు పెట్టె మూసి నా బ్యాగులో వేసుకున్నాను.

బిళ్ళలు ఆపాం. అత్తయ్య నీటి అడుగు నుంచి పైకి తేలుతున్నట్టు నెమ్మదిగా మా లోకంలోకి వచ్చింది. ముందు పగటి నిద్ర పోయింది, తర్వాత చీమలు పోయాయి. ఒక పొద్దున్న ఎర్ర పెన్ను ఎక్కడ పెట్టావని నా మీద అరిచింది. ఆ అరుపుకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ ఆదివారం మరిది వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. క్షమించమన్నాడు. నీ చేత ముక్కు నేలకి రాయించాలిరా, అయినా మీ అమ్మని చూసి వదిలేస్తున్నానన్నాను. అనేసరికి నా కోపం సగం పోయింది కూడా. వాడు కదల్లేదు. కుళాయి వైపు చూస్తూ, "వదినా, తప్పు నాదే. కానీ నా అంతట నాకు నీ మీద అనుమానం రాలేదు. నిద్రమాత్రలేమైనా ఇస్తోందేమో చూడరా అన్నది అన్నయ్య. నీ బ్యాగు వెతికింది, గ్లాసులో పాలు పట్టి ఉంచింది కూడా అన్నయ్యే. కాగితం రాసి అంటించడం వరకే నాది" అన్నాడు.

అబద్ధమాడుతున్నాడేమోనని వాడి మొహంలోకి చూశాను. వాడు మళ్ళీ నన్ను నువ్వు అంటున్నాడు.

మా ఆయన పొద్దుపోయే వేళకి వచ్చాడు. వస్తూనే వాళ్ళమ్మ పక్కన కూర్చుని, "నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను, నా భార్య అలాంటిది కాదని" అంటూ నవ్వుతున్నాడు. నేను టీ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. అత్తయ్య లేచి బాల్కనీలోకి వెళ్ళేదాకా ఆగాను.

"ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"ఏది?"

"నా మీద అనుమానం."

ఆయన తమ్ముడున్న గది తలుపు వైపు చూశాడు. వేళ్ళకంటిన గ్రీజు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఆ రోజు నువ్వే అన్నావు కదా, మీ అమ్మ ఒక్క రాత్రి నిద్రపోతే చాలని. అన్నాక నాలుగు రోజులకే అమ్మ నిద్రపోవడం మొదలుపెట్టింది. నేనేమనుకోవాలి?"

అన్నాను. నిజమే. నూనె చేతులు కడుక్కుని వచ్చి, ఆయన భుజం మీద తల పెట్టుకుని అన్నాను. ఆ మాట ఇంకెవరితో అనగలను? అన్నప్పుడు ఆయన నా జుట్టు నిమిరాడు, అది కూడా గుర్తుంది.

టీ చల్లారిపోతోంది తాగండని చెప్పి లోపలికి వచ్చేశాను. మా ఇంట్లో ఇప్పుడు అంతా బాగానే ఉంది. మరిది చదువు ముగింపుకొచ్చింది, అత్తయ్య పేపర్లో సున్నాలు చుడుతోంది. నేను మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ అలసిపోయానని ఆయనతో అనలేదు.