లంకలో ఒకే పడవ

ఆ ఆదివారం సంపూర్ణ టీచర్ ఇంట్లో ఉన్నది టీచర్, ఒడ్డున ఉన్న దుమ్ముగూడెంలో టైలర్ షాపు నడిపే బషీర్ తాత, ఏమీ రాయకపోయినా ప్రతి వారం వచ్చి వినే జంపక్క, మేకలు కాసుకుంటూ పాటలు కట్టే రెడ్యా అన్న, నేను. మా లంకలో రాతగాళ్లం అంతే. గోదావరి మధ్యలో ఉన్న ఊరు కాబట్టి మేం రాసింది మేమే వినాలి.

వేసవి సెలవుల్లో టీచర్ అందరినీ లంక పాత రోజుల మీద కథ రాయమన్నారు. నేను పెద్ద వరద గురించి రాశాను. మా నాయనమ్మ ఆ సంగతి చెప్పేటప్పుడల్లా ఒకచోట ఆగి, "ఆ పడవోడు మళ్ల రాలే" అంటుంది. ఒక విడత జనాన్ని ఒడ్డుకు చేర్చి, రెండో విడతకు అతను తిరిగి రాలేదట. చింతచెట్టు ఎక్కి ఎదురుచూసినవాళ్లు కొట్టుకుపోయారు. వాళ్లలో నాయనమ్మ అన్న ఒకడు. అప్పటికింకా చిన్నపిల్లవాడు.

రాసేముందు చాలామందిని అడిగాను. అడగడమంటే అమ్మను ముందు నిలబెట్టి, వెనకనుంచి ఆమె చేత అడిగించడం. దుమ్ముగూడెంలో పడవలు నడిపిన ముసలాయన ఒకడు చెప్పాడు: వరదలో పడవ నేరుగా వెనక్కి రాదు. తాడు కట్టి ఒడ్డు వెంట చాలా దూరం ఎగువకు లాక్కెళ్లాలి. అక్కడ వదిలితే ఏటవాలుగా కొట్టుకొచ్చి లంకకు తగులుతుంది. ఆ మాట విన్నాక నా కథ మారిపోయింది. నా కథలో పడవవాడు తాడు భుజాన వేసుకుని ఒక్కడే లాగుతాడు. ఒడ్డు విరిగిపడుతుంది. లేచి మళ్లీ లాగుతాడు. లంకకు చేరేసరికి చెట్టు మీద ఎవరూ ఉండరు.

అతనికి వీరాస్వామి అని పేరు పెట్టాను. పేరు మార్చాను కదా, ఫరవాలేదనుకున్నాను. నాకు గొంతు పెగలదు కాబట్టి టీచరే నా కథ చదువుతారు. ఆమె రెండో పేజీలోకి వచ్చేసరికి నా పొరపాటు తెలిసింది. ఆ రోజుల్లో లంకకు ఉన్నది ఒకే పడవ. అది బషీర్ తాత వాళ్ల తాతదని అందరికీ తెలుసు. పేరు మారిస్తే మనిషి మారతాడా?

"గీ పడవోడెవరో నాకెరుకే" అంది జంపక్క.

రెడ్యా అన్న ఆమెను మోచేత్తో పొడిచాడు. బషీర్ తాత కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన ఇప్పుడు లేచి వెళ్లిపోతే మళ్లీ ఈ గడప తొక్కడు. నా వల్ల ఆయన రాకుండా పోతే నేనిక రాయలేను.

టీచర్ చదవడం ముగించారు.

"హెప్సిబా, ఇట్ల రా" అన్నాడు తాత.

వెళ్లి నిలబడ్డాను.

"మీ నాయనమ్మ గిట్లనే చెప్పిందా?"

"లేదు తాతా. పడవోడు మళ్ల రాలేదనే చెప్పింది."

"మరి గీ తాడు, గీ గుంజుడు ఏంది?"

"నేనే రాసిన. నిజమో కాదో తెల్వదు. అయ్యుండొచ్చు అనుకున్న."

"అయ్యుండొచ్చు" అన్నాడాయన నెమ్మదిగా. "మా ఇంట్ల ఎవ్వరు గట్ల అనుకోలే బిడ్డా. మా నాయిన గా ముచ్చటే తియ్యనియ్యలే. మీ ఇంటి ముంగట నుంచి పోవాల్నంటే నేను ఇప్పటికీ తల వంచుకొని జల్దీ జల్దీ నడుస్త."

"గందుకా? కడుపు ఖరాబై ఉరుకుతున్నవనుకున్న ఇన్నేండ్లు" అంది జంపక్క.

ముందు నవ్వింది తాతే. తర్వాత అందరం నవ్వాం.

"కోపం రాలేదా తాతా?"

"ఎందుకు రాలే? వీరాస్వామి ఎవడు? మా తాత పేరు మౌలాలి. తాడు గుంజింది మావోడైతే పేరు ఇంకోనికి ఎట్ల ఇస్తవ్?"

"పడవోడు మళ్ల రాకపోతే పేరు మార్చాలె, తాడు గుంజితే అసలు పేరు పెట్టాలె. మంచిగుంది నీ లెక్క" అన్నాడు రెడ్యా అన్న.

"నువ్వు ఊకోరా, మేకల డాక్టర్!"

"వచ్చే ఆదివారానికి మారుస్త తాతా" అన్నాను.

"వచ్చే ఆదివారం లేదు, ఏం లేదు. ఇప్పుడే. టీచరమ్మ ఇంకోపారి చదువుతది, నేను సాంతం ఇనే పోత."

తాత లేచి టీచర్ చేతిలోని కాగితాలు తీసుకుని నాకిచ్చి, భుజం పట్టుకుని లోపలి గదిలోకి నడిపించాడు. అక్కడ బియ్యం బస్తాల పక్కన టీచర్ రాసుకునే బల్ల ఉంది. కూర్చున్నాను. పేరొక్కటే మారిస్తే సరిపోదని అప్పుడు తట్టింది. మౌలాలి అలిసిపోయినప్పుడు ఎవరిని తలుచుకుంటాడు? ఇంట్లో అతని కోసం ఎవరు ఎదురుచూస్తుంటారు?

"తాతా, ఆయన భార్య పేరేంది?"

అమ్మ లేకుండా నా నోటితో నేనే అడిగాను.

"మస్తాన్ బీ. ఒడ్డు మీదనే నిలబడి ఉండెనంట. ఇంకేం అడగకు. ముందు రాయి."

అని తలుపు మూసేశాడు.