రెండు వందల పద్నాలుగో చుక్క

చెట్టు చుట్టూ టేపు తిప్పి, చివర కలిసిన చోట బొటనవేలితో నొక్కిపట్టి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని అంకె చదివింది. తొంభై ఆరు. ట్యాబ్‌లో ఆ అంకె కొట్టి ‘ఉంది’ నొక్కింది. ఆకుపచ్చ చుక్క ముదురు రంగుకు తిరిగింది. ఈ పూటకి అది పదకొండోది.

అందరూ ఆమెను చెట్లమ్మ అంటారు. పాతికేళ్లుగా చెట్ల లెక్కే ఆమె ఉద్యోగం. మొదట్లో రంగు డబ్బా, కుంచె పట్టుకుని కాండాల మీద నంబర్లు వేసేది. ఇప్పుడు ఉపగ్రహం పైనుంచి ఫొటో తీస్తుంది. అందులో పచ్చగా, గుండ్రంగా కనబడ్డ ప్రతిదానికీ ఆఫీసు కంప్యూటరు ఒక చుక్క పెడుతుంది. నడిచి వెళ్లి ఉందో లేదో చెప్పడం ఆమె వంతు. పాచి పట్టిన డాబాని చూసి కూడా కంప్యూటరు పప్పులో కాలేస్తుంది. మోకాళ్ల నొప్పులు మాత్రం చెట్లమ్మవి.

రెండు వందల పద్నాలుగో చుక్క చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అక్కడ చెట్టు లేదు. రెండేళ్ల కిందట గాలివానకి బాదం చెట్టు కూలిపోయి, జానెడు ఎత్తు మొద్దు మిగిలింది. ఆ చెట్టు నీడన ఏళ్ల తరబడి కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ మనిషి, పాత టార్పాలిన్ ముక్కలన్నీ అతికి, గొడుగులా గుండ్రంగా కుట్టి, నాలుగు గుంజలకి కట్టుకుంది. ఆకుపచ్చది. పైనుంచి చూసే కంటికి అదే చెట్టు.

ఆ చెట్టును మొదటిసారి కొలిచిన రోజున చెట్లమ్మ టేపు తెగిపోతే దర్జీ తన గుడ్డ టేపు ఇచ్చింది. నూట ముప్పై రెండు. “దీనికి చొక్కా కుట్టాల్సొస్తే మళ్లీ కొలవక్కర్లేదు” అంటూ ఆ అంకె దగ్గర పచ్చదారం ముడేసి పెట్టుకుంది. అప్పటినుంచీ వదినా అనే పిలుపు.

నిరుడు చెట్లమ్మ ఇక్కడ ‘ఉంది’ అనే నొక్కింది. పాతికేళ్లలో తెలిసి చేసిన తప్పు అదొక్కటే. రోడ్డు వెడల్పు చేసే పటంలో ఎర్ర గీత ఉంటుంది. చెట్టు ఎదురైతే ఆ గీత పక్కకి వంగుతుంది. మనిషి ఎదురైతే వంగదు. అటుపక్క తాళాలు బాగుచేసే అతనూ, ఇటుపక్క చెప్పులు కుట్టే ముసలాయనా కిందటి నెలే ఖాళీ చేసి పోయారు. వాళ్ల చోట్లో కంకర పోశారు. మధ్యలో మిషను ఒక్కటే టకటకలాడుతోంది.

“రా వదినా, నా లెక్క తేల్చడానికొచ్చావా?” అంది దర్జీ. చెట్లమ్మ సంచి పట్టీ ఊడి ఉండటం చూసి, అడక్కుండానే లాక్కుని సూది కింద పెట్టింది.

చెట్లమ్మ ‘ఉంది’ నొక్కింది. ఎప్పుడూ లేనిది, ఒక కొత్త గడి తెరుచుకుంది. కాండం ఫొటో కావాలట. మొద్దును ముందు నుంచి తీసింది, పక్కనుంచి తీసింది, ఆఖరికి మోకాళ్లు తిట్టుకుంటున్నా నేల మీద చతికిలబడి తీసింది. మూడుసార్లూ కాండం కనబడటం లేదనే వచ్చింది. ఆఫీసు సారుకి ఫోన్ చేసింది. కొడుకు వయసువాడు, మంచివాడే. ఈ చుక్క మూయకపోతే వార్డు జాబితా మొత్తం ఆగిపోతుందని, ఆ గడి పెట్టింది తాను కాదని, ఎవరు పెట్టారో తనకీ తెలియదని చెప్పాడు. కోపంగానైనా చెప్పలేదు, తిరిగి తిట్టడానికి.

ఆమె ఎండలో అలాగే నిలబడిపోయింది. తన పెళ్లిచూపుల్లో అమ్మాయికి ఇష్టమేనా అని అడిగితే తండ్రి ఔనన్నాడు. చంటిదాన్ని ఆస్పత్రికి ఎప్పుడు తీసుకెళ్లాలో అత్తగారు చెప్పింది, ఆలస్యంగా. ఉందా, లేదా అని తననే అడిగింది ఇన్నేళ్లలో ఈ ట్యాబ్ ఒక్కటే. ఇప్పుడు ఇదీ ఆమె మాట నమ్మనంటోంది.

“నొక్కెయ్ వదినా” అంది దర్జీ తలెత్తకుండా. “రెండేళ్లు చెట్టుగా బతికాను. ఎంతమందికి దక్కుతుంది?”

“నీకన్నీ నవ్వులాటే.”

“ఏడిస్తే గీత వంగుతుందంటే చెప్పు, ఇప్పుడే మొదలెడతా.”

“ఎక్కడికి పోతావే?”

“మిషనుకి చక్రం ఉందిగా. అదే తీసుకెళ్తుంది.” పళ్లతో దారం తెంపి సంచి చేతికిచ్చింది.

చెట్లమ్మ ‘లేదు’ నొక్కింది. చుక్క బూడిదరంగుకి మారి ఆరిపోయింది. పటంలో ఎర్ర గీత వంకర తీరి తిన్నగా సాగింది. చెట్లమ్మ సంచి భుజాన వేసుకుంది. దర్జీ అప్పటికే ఇంకో గుడ్డ సూది కింద పెట్టింది.

మిగతా చుక్కలు తొమ్మిది. అన్నీ ఉన్నాయి.

సాయంత్రం బస్సుకోసం ఆ దారినే వచ్చింది. గుంజలు పాతిన గుంటలు నాలుగు, మిషను నూనె మరక ఒకటి. ఎవరో వచ్చి లేపేదాకా ఆ మనిషి ఆగలేదు.

మొద్దు మీద, గాలికి పోకుండా చిన్న రాయి పెట్టి, గుడ్డ టేపు. నూట ముప్పై రెండు దగ్గర పచ్చదారం ముడి మాసిపోయింది గానీ, ఊడలేదు.