ఊరికే కూర్చున్న ఫోటో

ఆ పొద్దున ఆకాశం ఏకని దూదిలా ఉంది. ఎవరో పాత పరుపు విప్పి పైన పడేసి మరిచిపోయినట్టు బూడిదరంగు ముద్దలు, ముద్దలు. వాన పడేలా లేదు, ఎండ కాసేలా లేదు. ఆమె వాకిట్లో నిలబడి పైకి చూసి, ఇవాళ దూది ఆరదు అనుకుంది. దూది ఆరకపోతే పరుపులో కూరడం కుదరదు.

"మబ్బు పట్టిందిగా, నీకివాళ పనుండదు. ఇంట్లో ఊరికే ఉండేకంటే నువ్వూ రా స్టూడియోకి" అన్నాడు భర్త, అద్దంలో మీసం దువ్వుకుంటూ.

ఆమె అప్పటికి ఇల్లు ఊడ్చి, పాలు కాచి, మూడు రకాల టిఫిన్లు చేసి, నిన్నటి దిండు గలేబులు ఇస్త్రీ చేసి, అత్తగారి మందులు వరసగా పెట్టి, అదే అద్దం తుడిచి ఉంది. అందుకే భర్త మీసం అంత స్పష్టంగా కనబడుతోంది.

ఊరికే. ఆ ఇంట్లో ఆమె తర్వాత అంత చాకిరీ చేసేది ఆ మాటే. కింద పరుపుల దుకాణం, పైన కాపురం. ముందు గదిలో బల్ల వెనక భర్త కూర్చుని రండి రండి అంటాడు. వెనక గదిలో ఆమె దూది ఏరుతుంది, కూరుతుంది, దబ్బనం పట్టుకుని పరుపు అంచులు కుడుతుంది. మధ్యలో ఫోను మోగితే చెంపకీ భుజానికీ ఇరికించుకుని బేరాలు మాట్లాడుతుంది. దుకాణం ఫోను ఎప్పుడూ ఆమె దగ్గరే. ఎవరైనా పెద్దమనిషి వచ్చి "మీ ఆవిడ ఏం చేస్తుంటారు?" అనడిగితే, "ఏం చేయదండీ, ఇంట్లో ఊరికే ఉంటుంది" అంటాడు భర్త. అది మొదటి ఊరికే. కుట్టే మనిషి మానేసినప్పుడు ఇంకొకర్ని పెట్టుకుందామా అన్న మాట వస్తే, "ఎందుకురా, కోడలు ఊరికే కుడుతుందిగా" అన్నది అత్తగారు. ఇది రెండోది, మొదటిదాని పక్కన పెడితే ఒకదాని మొహం ఒకటి చూడలేవు. ఊరికే ఉండే మనిషి ఊరికే కుట్టడం ఎలాగో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇక ఏ మాటకైనా ఆమె మొహం చిన్నబోతే, "అబ్బా, ఊరికే అన్నానే" అంటాడు భర్త. అది మూడోది. దానికి తిరుగులేదు. దానితో ఎన్ని మాటలైనా తుడిచేయొచ్చు, నేల తుడిచే గుడ్డలాగా. గుడ్డ పిండే పని మాత్రం ఆమెది.

ఇంతకీ స్టూడియో ఎందుకంటే, దుకాణానికి కొత్త వ్యాను వచ్చింది. దాని రెండు పక్కలా యజమాని ఫోటో పెద్దదిగా అంటించాలి. వెబ్‌సైటు చేసిపెట్టే అతను కూడా అదే అన్నాడు. "వ్యాపారం నడిపేవాళ్ళ ముఖం కనబడితే జనానికి నమ్మకం సార్. సెల్ఫీలు వద్దు, స్టూడియోలో తీయించండి. హాయిగా నిద్రపోయి లేచిన మనిషిలా ఉండాలి." నడిపేవాళ్ళు అనగానే భర్త కాలర్ సర్దుకున్నాడు. ఆ రోజునుంచీ అద్దం ముందు హాయిగా నిద్రపోయి లేచిన నవ్వు సాధన చేస్తున్నాడు. పంటి నొప్పిని ఎవరికీ చెప్పకుండా దాస్తున్నవాడిలా ఉంటున్నాడు. ఆమెకు చెప్పాలనే ఉండేది. చెప్పి, ఊరికే అన్నాను అంటే ఆయన ఊరుకుంటాడా ఏమిటి?

స్టూడియోకి ముగ్గురూ వెళ్ళారు. కొడుకు ఫోటో సరిగ్గా వస్తుందో లేదో చూడ్డానికి అత్తగారు. రెండు కోట్లు, మూడు చొక్కాలు, దువ్వెన, పౌడరు, నీళ్ళసీసా, అత్తగారి కళ్ళజోడు మోయడానికి ఆమె.

స్టూడియో ఓ మేడ మీద ఉంది. గోడకి రకరకాల రంగుల పరదాలు, గొడుగుల్లాంటి లైట్లు, మధ్యలో ఓ కుర్చీ. ఫోటోగ్రాఫరు బక్కపల్చటి మనిషి, మాట తక్కువ. భర్త పక్కగదిలో ఏ కోటు వేసుకోవాలన్నది తల్లితో తేల్చుకుంటుంటే, అతను లైట్లు అటూ ఇటూ జరిపి, "సార్ తయారయ్యేలోపు లైటు చూసుకోవాలి. ఎవరైనా ఇలా కూర్చుంటారా?" అన్నాడు.

"ఏమోయ్, నువ్వు ఊరికే నిలబడ్డావుగా. కూర్చో" అన్నాడు భర్త లోపలినుంచి.

ఆమె చేతిలోని మిగతా సామానంతా ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూసింది. ఫోటోగ్రాఫరే అందుకుని పక్కన పెట్టాడు. "కంగారు పడకండి మేడమ్, ఫోటో కోసం కాదు, లైటు కోసం. ఇవి లెక్కలోకి రావు."

లెక్కలోకి రానివి అనగానే ఆమెకు ప్రాణం కుదుటపడింది. అలవాటైన చోటే.

"పరుపు ఎన్నాళ్ళు మన్నుతుంది మేడమ్?" అన్నాడతను కెమెరా వెనకనుంచి, మొహం బిగుసుకోకుండా ఉండాలని.

"ఎవరు కుట్టారన్నదాన్ని బట్టి" అందామె, సూటిగా చూస్తూ. కెమెరా టిక్కుమంది.

అంతలో ఒక లైటు మొరాయించింది. "కదలకండి, ఒక్క నిమిషం" అని అతను తీగలతో కుస్తీ పట్టాడు.

ఆమె కదల్లేదు. కదలొద్దని ఆమెకు ఎవరైనా చెప్పి ఎన్నేళ్ళయిందో. కుర్చీకి వీపు ఆనించే చెక్క ఉంది. ఇంట్లో ఉన్న కుర్చీలకూ ఉంది, కానీ ఆమె ఎప్పుడూ అంచునే కూర్చుంటుంది, పిలిస్తే లేవడానికి వీలుగా. ఇప్పుడు వెనక్కి ఆనితే అది నిజంగానే వీపుని పట్టుకుంది. లైటు వెచ్చగా మొహం మీద పడుతోంది, పొద్దున ఆకాశం ఇవ్వని ఎండలాగా. ఈ ఎండలో దూది ఆరేస్తే ఎంత బాగుండును. చేతులు చూసుకుంది. వాటిలో ఏమీ లేదు. ఎక్కడైనా ఏదైనా పెట్టి మరిచిపోయానా అని ఓసారి లెక్క చూసుకుంది. స్టవ్వు కట్టేశాను. ట్యాంకు నింపాను. మందులు ఇచ్చాను. పక్కగదిలో అత్తగారి గొంతు, నీలంది వేసుకోరా, నల్లదైతే సాక్ష్యం చెప్పడానికి వెళ్తున్నట్టుంటావు, ఆ గొంతు దూరమై, దూరమై, దూదిలో కూరినట్టు మెత్తబడిపోయింది.

టిక్కుమన్నది ఆమెకు వినబడలేదు.

"సార్ వచ్చేశారు మేడమ్" అన్నప్పుడు ఉలిక్కిపడి లేచి, ముందు కుర్చీ తుడిచింది, తర్వాత నోరు తుడుచుకుంది.

భర్త కూర్చున్నాడు. నీలం కోటు. "హాయిగా నిద్రపోయి లేచినట్టు చూడండి సార్" అన్నాడు ఫోటోగ్రాఫరు. భర్త కళ్ళు విప్పార్చాడు.

"ఏమిట్రా ఆ చూపు? నిద్ర లేచేసరికి ఇంట్లో దొంగలు పడ్డట్టు!" అంది అత్తగారు. "గడ్డం ఎత్తు. అంత కాదు, పావురాల్ని లెక్కపెడుతున్నావు. నవ్వు. పళ్ళు దాచి నవ్వరా."

"పళ్ళు దాచి ఎలా నవ్వుతారే అమ్మా!"

"మీ ఆవిడ నవ్వదూ?"

ఆమె కోటు దులుపుతున్నదల్లా ఒక్క క్షణం ఆగి, మళ్ళీ దులిపింది.

ఆఖరికి అత్తగారికే ఓ ఆలోచన వచ్చి, కొడుకు ఒళ్ళో స్టూడియో దిండు ఒకటి పెట్టించింది. తీసిన ఫోటో చూసుకుని, "ఛ, ఆసుపత్రి నుంచి బిడ్డను తెచ్చినట్టుంది" అని తనే తీయించింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోటోలు దుకాణం ఫోనుకి వచ్చాయి. వంట అయింది, కంచాలు పెట్టబోతుంటే టింగుటింగుమని మోగింది. ఫోను బల్లమీద నిలబెడితే భర్తా, అత్తగారూ తలలు కలిపి చూశారు. ఆమె వాళ్ళ వెనక నిలబడి, వేలు మాత్రం ముందుకు చాపి ఒక్కొక్కటీ జరుపుతోంది.

"ఇది ఎలా ఉంది?"

"అచ్చం మీ నాన్నలా ఉన్నావురా."

"మంచిదేగా!"

"కామెర్లు వచ్చినప్పటి మీ నాన్న."

కోటు మారింది, చొక్కా మారింది, ముఖం మాత్రం దొంగలు పడ్డ ఇంట్లోనే ఉండిపోయింది. భర్త నీరసపడ్డాడు. "నా మొహం ఫోటోలకి పనికిరాదేమిటే?" అన్నాడు చిన్నపిల్లాడిలా. ఆమెకు జాలేసింది. ఊరికే.

చివర్లో రెండు ఫోటోలు విడిగా ఉన్నాయి. వాటి కింద ఫోటోగ్రాఫరు రాశాడు: లైటు కోసం తీసినవి, ఊరికే పెట్టాను.

జరిపింది. కుర్చీలో ఓ ఆడమనిషి నిద్రపోతోంది. తల ఒక పక్కకి వాలింది. నొసట ముడి లేదు. మొహమంతా వెచ్చటి వెలుగు.

"నా కోడలు నిద్రపోతే ఇలా ఉంటుందా?" అంది అత్తగారు, కళ్ళజోడు సర్దుకుని. "ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూళ్ళేదే."

ఎలా చూస్తుంది? ఆమె పడుకునేసరికి ఇల్లంతా నిద్రపోతుంది, ఇల్లు లేచేసరికి ఆమె పాలు కాస్తూ ఉంటుంది. భర్త కూడా వింతగా చూశాడు, ఆ మనిషి గురించి ఎక్కడో విన్నట్టుంది కానీ పరిచయం లేదన్నట్టు. అంతలోనే చప్పట్లు చరిచాడు.

"ఇదే! పరుపులకి ఇంతకన్నా ఏం కావాలి! వ్యానుకి ఈ పక్కా ఆ పక్కా ఇదే. కింద మూల నా పేరు, ప్రొప్రైటర్ అని. చూశావా, నువ్వు చేయాల్సిందేమీ లేదు. ఊరికే పడుకుంటే చాలు, వ్యాపారం నడుస్తుంది!"

ఆమె ఆ ఫోటో వంక చూస్తూ ఉండిపోయింది. నిజంగానే బాగుంది. ఆ మనిషి మీద ఒక దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోవాలనిపించింది. అప్పుడు చేతులు కనబడ్డాయి. ఒళ్ళో ఉన్న కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ, మధ్యలో దబ్బనం ఉన్నట్టే, బిగించి ఉన్నాయి. నిద్రలో కూడా ఎవరి పరుపో కుడుతోంది. ఇన్నేళ్ళకి దొరికిన ఒక్క కునుకు, దాన్నీ వ్యానుకి అంటించి వీధివీధీ తిప్పుతారట. దారినపోయే ప్రతివాడూ చూస్తాడు, అబ్బ, ఈవిడ ఎంత ఊరికే ఉంటుందో అనుకుంటాడు. ఆ ఒక్కమాట ఇంతకాలం ఇంట్లోనే ఉండేది. ఇప్పుడు దానికి చక్రాలు వస్తున్నాయి.

వేలుతో ఇంకొక్కసారి జరిపింది. ఆఖరి ఫోటో. కళ్ళు తెరిచి, సూటిగా, ఎవరు కుట్టారన్నదాన్ని బట్టి అంటున్న ముఖం.

"అది వద్దులే" అన్నాడు భర్త. "స్కూలు తనిఖీకి వచ్చినదానిలా ఉన్నావు. జనం జడుసుకుంటారు."

అత్తగారు ఫోను దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది. "పరుపులు కుట్టేదాని మొహంలా ఉంది" అంది.

"నేనూ అదే అంటున్నానమ్మా."

"నేను అంటున్నది వేరురా."

ఫోను మోగింది. ఫోటోగ్రాఫరు. వ్యాను స్టిక్కర్ వేసేవాళ్ళు తన దగ్గరే కూర్చుని ఉన్నారట, ఏది ఖాయం చేశారో చెప్తే పని మొదలెడతారట. భర్త చేయి చాపాడు. ఆమె ఆ చేతిని చూసింది, చూడనట్టే ఫోను చెంపకీ భుజానికీ ఇరికించుకుంది. ఎన్నో బేరాలు తెగింది ఆ భుజం మీదే.

"ఆఖరిదండీ. కళ్ళు తెరిచి ఉన్నది. వ్యానుకీ అదే, వెబ్‌సైటుకీ అదే. కింద నా పేరు రాయండి, పక్కన ప్రొప్రైటర్ అని. ఆ నిద్రపోయేది చెరిపేయకండి, చిన్నది ఒకటి వేసి నాకివ్వండి. అది వ్యాపారానికి కాదు, నాకు."

అవతల అతను తటపటాయించాడు. అతని గొంతు గదిలో అందరికీ వినబడింది. "మరి సార్ ఫోటోలు మేడమ్?"

"సార్ ఊరికే వచ్చారండీ" అందామె.

ఫోను పెట్టేసింది. భర్త నోరు తెరిచాడు. ఊరికే అన్నానండీ అని ఆమె అంటుందేమోనని కాసేపు చూశాడు. ఆమె అనలేదు. కంచాలు తెచ్చింది, రెండు కాదు, మూడు. గిన్నెలు బల్లమధ్యలో పెట్టి, ఎవరికి కావాల్సింది వాళ్ళు వడ్డించుకునేలా గరిటెలు వాళ్ళవైపు తిప్పి, తనూ కూర్చుంది. అంచున కాదు. వీపు వెనక్కి ఆనించి.

ముగ్గురూ తినడం మొదలెట్టారు. అత్తగారు కూర తనే వేసుకుని గిన్నె కోడలివైపు జరిపింది. భర్త నీళ్ళ కోసం గ్లాసు ఎత్తాడు, ఖాళీ. అలవాటుగా ఆమెవైపు చూశాడు. ఆమె నములుతోంది. గ్లాసువైపు చూశాడు. తల్లివైపు చూశాడు. తల్లి కంచంలోకి చూస్తోంది. కాసేపటికి కుర్చీ కిర్రుమంది. వంటింట్లో ఏవో రెండు డబ్బాలు కింద పడ్డాయి. జగ్గు ఎక్కడుంటుందో వెతుక్కుని తెచ్చి, తల్లి గ్లాసు నింపాడు, తన గ్లాసు నింపాడు, ఒక్క క్షణం ఆగి, ఆమె గ్లాసు కూడా అంచుదాకా నింపాడు.

ఎందుకని ఆమె అడగలేదు. అడిగితే ఏమంటాడో ఆమెకు తెలుసు.